కమర్షియల్ బిల్డింగ్ కడుతున్నారా? ఓసీ నుంచి వెనక్కి లెక్క వేసుకోండి

మెయిన్ రోడ్డు మీద జాగా ఉన్నవాళ్లు ఆర్కిటెక్ట్ దగ్గరికి రాగానే "ఎన్ని ఫ్లోర్లు వస్తాయి?" అని అడుగుతారు. ఆ తర్వాత "పర్మిషన్‌కి ఎంతవుతుంది?" అంటారు. కట్టడం అయిపోయాక ఓసీ వస్తుందా అని అడిగేవాళ్లు మాత్రం చాలా తక్కువ. ఓసీ అంటే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్. ప్లాన్ ప్రకారమే కట్టారు, ఇక జనం వాడుకోవచ్చు అని మున్సిపాలిటీ రాసిచ్చే కాగితం.

సొంతిల్లు కట్టుకున్నవాళ్లు ఓసీ లేకుండానే ఏళ్ల తరబడి నెట్టుకొస్తున్నారు. కమర్షియల్ బిల్డింగ్‌కి అలా కుదరదు. దాని బతుకంతా అద్దె మీదే. కాస్త పేరున్న బ్యాంకు బ్రాంచో, డయాగ్నస్టిక్ సెంటరో, సూపర్ మార్కెట్టో వస్తే అద్దె మాట తేలకముందే వాళ్ల లాయరు శాంక్షన్ ప్లాన్, ఓసీ, ఫైర్ ఎన్‌వోసీ (అభ్యంతరం లేదని ఫైర్ శాఖ ఇచ్చే కాగితం) పంపమంటాడు. అవి లేకపోతే మంచి అద్దెదారు వెళ్లిపోతాడు. మిగిలినవాళ్లు మీ అవసరం చూసి రేటు తగ్గిస్తారు. అందుకే ఈ పనిని చివరి నుంచి ఆలోచించమంటాను. ఓసీ కోసం తనిఖీకి వచ్చేవాళ్లు ఏం కొలుస్తారో ముందే తెలుసుకుని, దానికి తగ్గట్టు జాగా చూసుకోవాలి, ప్లాన్ గీయించాలి, కట్టాలి.

ఇక్కడ చెప్పేవన్నీ హైదరాబాద్‌కీ తెలంగాణ పట్టణాలకీ వర్తించేవి. వీటికి మూలం 2012 ఏప్రిల్ 7న ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన జీవో 168, ఆ తర్వాత దానికి జరిగిన సవరణలు. ఆంధ్రప్రదేశ్ సంగతి చివర్లో విడిగా చెప్తాను.

పర్మిషన్ లేకపోతే ఏం పోతుంది

ముందు డబ్బు సంగతి. 2024 డిసెంబర్ 17న సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. మీరట్‌లోని శాస్త్రినగర్‌లో ఇంటి కోసం కేటాయించిన ప్లాట్‌లో షాపులు కట్టిన కేసు అది. ఏళ్లు గడిచాయనో, అధికారులు చూసీచూడనట్టు ఊరుకున్నారనో అక్రమ నిర్మాణం సక్రమం అయిపోదని చెప్పి, కూల్చివేత సరైనదేనంది. అంతటితో ఆగకుండా దేశం మొత్తానికీ ఆదేశాలిచ్చింది. ఓసీ చూశాకే కరెంటు, నీళ్లు, డ్రైనేజీ కనెక్షన్లు ఇవ్వాలి. బిల్డింగ్‌ని సెక్యూరిటీగా పెట్టుకుని లోన్ ఇచ్చే బ్యాంకు కూడా ముందు ఓసీ చూసుకోవాలి. అక్రమ కట్టడంలో వ్యాపారానికి ట్రేడ్ లైసెన్స్ ఇవ్వకూడదు. శాంక్షన్ అయిన ప్లాన్‌ని కట్టడం జరిగినన్నాళ్లూ సైటు దగ్గర అందరికీ కనిపించేలా పెట్టాలి. ఇవన్నీ కలిపి చూడండి, ఓసీ లేని బిల్డింగ్‌కి అద్దె వచ్చే దారి దాదాపు మూసుకుపోయినట్టే.

"ప్రాపర్టీ ట్యాక్స్ కడుతున్నాం కదా, ఇంకేంటి?" అనే మాట తరచూ వినిపిస్తుంది. తెలంగాణలో పర్మిషన్ లేకుండా కట్టిన దానికి ట్యాక్స్ మీద నూటికి నూరు శాతం పెనాల్టీ వేస్తారు. సెట్‌బ్యాక్, అంటే బిల్డింగ్ చుట్టూ ఖాళీగా వదలాల్సిన జాగా, ఉల్లంఘన 10 శాతం లోపయితే 25 శాతం, అంతకు మించితే 50 శాతం. ఈ పెనాల్టీ ఏటా కట్టినంత మాత్రాన కట్టడానికి హక్కేమీ రాదు. కూల్చే అధికారం కార్పొరేషన్ చేతుల్లో అలాగే ఉంటుంది. తర్వాత రెగ్యులరైజ్ చేయించుకుందామనే ఆశ కూడా పెట్టుకోకండి. తెలంగాణ 2015లో తెచ్చిన బిల్డింగ్ రెగ్యులరైజేషన్ స్కీమ్ హైకోర్టులో చిక్కుకుంది, అప్లై చేసుకున్నవాళ్లు ఏళ్లుగా ఎదురుచూస్తూనే ఉన్నారు.

డబ్బు కంటే పెద్ద సంగతి మనుషుల ప్రాణాలు. 2022 సెప్టెంబర్ 12 రాత్రి సికింద్రాబాద్‌లోని ఒక బిల్డింగ్‌లో, కింద ఎలక్ట్రిక్ స్కూటర్లు ఉంచిన చోట మంటలు లేచాయి. పైన లాడ్జి ఉంది. మెట్ల గుండా పొగ పైకెక్కి గదుల్లో ఉన్నవాళ్లను చుట్టేసింది. 8 మంది చనిపోయారు. ఆర్నెల్ల తర్వాత, 2023 మార్చి 16న, అదే సికింద్రాబాద్‌లోని స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో మంటలు లేచి ఆరుగురు యువతీ యువకులు పొగకు ఊపిరాడక పోయారు. ఉద్యోగాల కోసం ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు వాళ్లు.

ప్లాన్ మీద సెల్లార్ దగ్గర "పార్కింగ్" అని, మెట్ల దగ్గర ఇన్ని మీటర్ల వెడల్పు అని రాసి ఉండే చిన్న అక్షరాలు ఇలాంటి రాత్రుల కోసమే. సెల్లార్‌లో సరుకు పెడితే మంటకు మేత దొరుకుతుంది, మెట్లు ఒక్కటే అయితే మనిషి దిగాల్సిన దారిలోనే పొగ పైకి వస్తుంది. పర్మిషన్‌ని ఆఫీసు ఫార్మాలిటీ అనుకునేవాళ్లు ఈ ఒక్క సంగతి మనసు పెట్టి ఆలోచించాలని నా విన్నపం.

మొదటి పని: జాగా కట్టడానికి పనికొస్తుందా

ఆర్కిటెక్ట్‌కి అడ్వాన్స్ ఇవ్వకముందే తేల్చుకోవాల్సినవి ఇవి. లింక్ డాక్యుమెంట్లు, ఈసీ (జాగా మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే కాగితం) ఎలాగూ లాయరుకి చూపిస్తారు. దాంతోపాటు మాస్టర్ ప్లాన్‌లో ఆ సర్వే నంబర్ ఏ జోన్‌లో ఉందో చూడండి. రెసిడెన్షియల్ జోన్‌లో ఉంటే వాణిజ్య వాడకానికి మార్పు కావాలి, దానికి వేరే ప్రక్రియ, వేరే ఖర్చు, నెలల తరబడి టైమ్. ఆ రోడ్డుని కమర్షియల్‌గా నోటిఫై చేసి ఉంటే ఇంపాక్ట్ ఫీజు కట్టి ముందుకెళ్లొచ్చు. పక్కన నాలుగు షాపులు ఉన్నాయి కాబట్టి మనదీ కమర్షియలే అనుకుని కొంటే ఇక్కడే దెబ్బ తినేది. ఆ నాలుగూ పర్మిషన్ లేనివే కావచ్చు. శివార్లలో వ్యవసాయ భూమి అయితే ముందు నాలా కన్వర్షన్, అంటే వ్యవసాయేతర భూమిగా మార్పు, చేయించుకోవాలి.

దగ్గర్లో చెరువు, కుంట, నాలా (నీళ్లు పారే కాలువ) ఏదైనా ఉందా? జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువు ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న కుంట అయితే 9 మీటర్లు వదలాలి. 10 మీటర్ల కంటే వెడల్పైన నాలా నుంచి 9 మీటర్లు, సన్న నాలా అయితే 2 మీటర్లు. ఎండాకాలం చూసి "ఇక్కడ నీళ్లెక్కడివి" అనుకోవద్దు. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు నిండినప్పటి గీత. చెరువులు, ప్రభుత్వ స్థలాల ఆక్రమణలు తొలగించడానికి 2024లో ఏర్పడిన హైడ్రా ఆ ఏడాది ఆగస్టు 24న మాదాపూర్ తమ్మిడికుంట దగ్గరి కన్వెన్షన్ సెంటర్‌ని కూల్చింది ఈ గీత దగ్గరే. ఇరిగేషన్, రెవెన్యూ మ్యాపుల్లో మీ జాగా ఎక్కడుందో రాతపూర్వకంగా తీసుకోండి.

ఇక రోడ్డు. ఇప్పుడున్న వెడల్పుతో పాటు, మాస్టర్ ప్లాన్‌లో ఆ రోడ్డు ఎంతకు పెరగాలో చూడాలి. విస్తరణలో పోయే జాగా ముందే వదిలేసి, మిగిలినదాంట్లో ప్లాన్ వేయాలి. వదిలిన జాగాకి బదులుగా టీడీఆర్, అంటే వేరే చోటికి బదిలీ చేసుకోగల నిర్మాణ హక్కు, తీసుకోవచ్చు, అది అమ్ముకోవచ్చు కూడా. రోడ్డు వెడల్పును బట్టే ఎంత ఎత్తు కట్టొచ్చో తేలుతుంది.

రెండో పని: ఎత్తు లెక్క

మొత్తం వ్యవహారంలో తక్కువమంది పట్టించుకునేది, ఎక్కువ తేడా తెచ్చేది ఇదే. కాబట్టి ఒక ఉదాహరణ తీసుకుని నిదానంగా చూద్దాం.

మీ ప్లాట్ 1,500 గజాలు అనుకోండి, అంటే సుమారు 1,254 చదరపు మీటర్లు. కింద సెల్లార్‌లో పార్కింగ్, పైన షాపులు, ఆఫీసులు. షోరూములవాళ్లు ఎత్తైన సీలింగ్ అడుగుతారని స్లాబుకి స్లాబుకి మధ్య 3.6 మీటర్లు, దాదాపు 12 అడుగులు, పెట్టాలనుకున్నారు.

గ్రౌండ్ ప్లస్ 3 అయితే నాలుగు అంతస్తులు, 14.4 మీటర్లు. కమర్షియల్ బిల్డింగ్ 15 మీటర్లు, ఆపైన ఉంటే ఫైర్ ఎన్‌వోసీ తప్పనిసరి. 1999 ఫైర్ సర్వీస్ చట్టం కింద ఉన్న హద్దు అది. మీది దానికి లోపలే ఉంది.

ఆశ పడి ఇంకో ఫ్లోర్ వేస్తే ఐదు అంతస్తులు, సరిగ్గా 18 మీటర్లు. 18 మీటర్లు తాకితే చాలు, అది హైరైజ్, అంటే ఎత్తైన బిల్డింగుల, లెక్కలోకి వస్తుంది. హైరైజ్‌కి కనీసం 2,000 చదరపు మీటర్ల ప్లాట్ కావాలి. మీకున్నది 1,254. అంటే ఆ ప్లాన్‌కి పర్మిషనే రాదు.

అదే ఐదు అంతస్తులు, ఒక్కోటి 3.5 మీటర్లకు దించితే 17.5. హైరైజ్ కాదు. కాకపోతే 15 దాటింది కాబట్టి ఫైర్ ఎన్‌వోసీ కావాలి, దానికి తగ్గ నీళ్ల ట్యాంకులు, పంపులు, రెండో మెట్లు ప్లాన్‌లోనే చూపించాలి. ఎత్తు పెరిగితే చుట్టూ వదలాల్సిన సెట్‌బ్యాక్ కూడా పెరుగుతుంది, ఒక్కో ఫ్లోర్‌లో అద్దెకిచ్చే విస్తీర్ణం ఆ మేరకు తగ్గుతుంది. నాలుగు పెద్ద ఫ్లోర్లా, ఐదు చిన్న ఫ్లోర్లా అన్నది ఆర్కిటెక్ట్ చేత రెండు విధాలా గీయించి, ఫైర్ పరికరాల ఖర్చు కూడా కలిపి పోల్చుకోండి. నాలుగే లాభమని తేలితే ఆశ్చర్యపోవద్దు.

ఫంక్షన్ హాల్, సినిమా హాల్, స్కూల్ లాంటి జనం గుమిగూడే చోట్లకు ఫైర్ హద్దు ఇంకా కింద ఉంటుంది: ప్లాట్ 500 చదరపు మీటర్లు దాటినా, ఎత్తు 6 మీటర్లకు చేరినా ఎన్‌వోసీ కావాల్సిందే.

మూడో పని: ప్లాన్ గీయించడం

కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్టరైన ఆర్కిటెక్ట్, విడిగా ఒక స్ట్రక్చరల్ ఇంజినీర్, సాయిల్ టెస్ట్ రిపోర్టు. వీటిలో దేన్నీ మేస్త్రీ అనుభవంతో సరిపెట్టొద్దు. రేపు ఓసీ అప్లికేషన్ మీద సంతకం చేయాల్సినవాళ్లలో ఈ ఇద్దరూ ఉంటారు. సంతకం కోసం మాత్రమే దొరికే ఇంజినీర్లు ఉంటారు, వాళ్ల జోలికి పోకండి. సైటుకి వచ్చి కడ్డీలు లెక్కపెట్టేవాళ్లు కావాలి.

పార్కింగ్ ఎంత అన్నది కట్టే విస్తీర్ణంలో శాతం లెక్కన, వాడకాన్ని బట్టి మారుతుంది. కాబట్టి ఎవరికి అద్దెకిస్తారో ఇప్పుడే ఆలోచించుకోవాలి. మల్టీప్లెక్స్‌కి వేరు, మాల్‌కి వేరు, మామూలు షాపులకి వేరు. వీల్‌చైర్‌లో వచ్చేవాళ్ల కోసం ర్యాంప్, టాయిలెట్ మర్చిపోవద్దు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 44వ సెక్షన్ ప్రకారం ఈ ఏర్పాట్లు లేని ప్లాన్‌కి పర్మిషన్ గానీ, తర్వాత కంప్లీషన్ సర్టిఫికెట్ గానీ ఇవ్వకూడదు. ర్యాంప్ వాలు ఒకటికి పన్నెండు ఉండాలి: అడుగు ఎత్తు ఎక్కడానికి పన్నెండు అడుగుల పొడవు. చివర్లో మెట్ల పక్కన ఇరికిద్దాంలే అంటే చోటు చాలదు.

నాలుగో పని: ఎన్‌వోసీలు

మీకు ఏవి అవసరమో ఆర్కిటెక్ట్ చేత ఒక కాగితం మీద రాయించుకోండి. ఫైర్‌ది రెండు దశల్లో ఉంటుంది: ప్లాన్ దశలో ప్రొవిజనల్, పరికరాలన్నీ బిగించాక ఆక్యుపెన్సీ ఎన్‌వోసీ. బేగంపేట, శంషాబాద్ విమానాశ్రయాల చుట్టుపక్కల ఎత్తు కోసం ఎయిర్‌పోర్ట్స్ అథారిటీని, హకీంపేట, దుండిగల్ వైపు ఎయిర్ ఫోర్స్‌ని అడగాల్సి రావచ్చు. కట్టే విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు దాటితే 2006 ఈఐఏ నోటిఫికేషన్ కింద పర్యావరణ అనుమతి కావాలి. మన 1,500 గజాల ఉదాహరణకి దాంతో పని లేదు.

షాపులు విడివిడిగా అమ్మాలనుకుంటే, జాగా 500 చదరపు మీటర్లు గానీ యూనిట్లు ఎనిమిది గానీ దాటితే రెరాలో, అంటే రియల్ ఎస్టేట్ రెగ్యులేటరీ అథారిటీలో, రిజిస్టర్ చేయాలి. ఆ నంబర్ రాకముందు ప్రకటన ఇవ్వకూడదు, అడ్వాన్స్ కూడా తీసుకోకూడదు. ప్రీ లాంచ్ పేరుతో డబ్బు వసూలు చేసే అలవాటు మన దగ్గర బాగా ముదిరింది, అందులో చిక్కుకుని ఏడ్చిన కుటుంబాలు ఎన్నో.

ఐదో పని: అప్లికేషన్, ఫీజులు, మార్టగేజ్

2020 నాటి టీఎస్‌ బీపాస్ చట్టంతో తెలంగాణలో అంతా ఆన్‌లైన్ అయింది. 2025 నుంచి దాని స్థానంలో బిల్డ్‌నౌ పోర్టల్ వస్తోంది. చిన్న ఇళ్లకు ఉన్న తక్షణ అనుమతి కమర్షియల్‌కి లేదు. మీది సింగిల్ విండోలోకి వెళ్తుంది, కాగితాలు సరిగ్గా ఉంటే 21 రోజుల్లో తేల్చాలన్నది చట్టంలోని మాట. ఆ 21 రోజుల్ని నమ్ముకుని ముహూర్తం పెట్టుకోవద్దు. షార్ట్‌ఫాల్ వస్తే, అంటే ఫలానా కాగితం లేదు, ఫలానా కొలత కుదరలేదు అని తిప్పి పంపితే, సరిచేసి మళ్లీ పెట్టాలి. ఒకటికి నాలుగు సార్లు తిరగకూడదంటే డాక్యుమెంట్‌లో విస్తీర్ణం, సైటు మీద కొలత, డ్రాయింగ్‌లో కొలత మూడూ ఒకటేనా అని అప్‌లోడ్ చేయకముందే సరిచూడండి. ఎక్కువ షార్ట్‌ఫాల్స్ అక్కడే పుడతాయి. తప్పుడు సమాచారంతో తెచ్చుకున్న పర్మిషన్‌ని జీహెచ్ఎంసీ చట్టం సెక్షన్ 450 కింద ఎప్పుడైనా రద్దు చేయొచ్చు. పర్మిషన్ ఇచ్చినంత మాత్రాన జాగా మీద హక్కు మీదేనని కార్పొరేషన్ ఒప్పుకున్నట్టు కూడా కాదు.

కట్టే విస్తీర్ణంలో 10 శాతం కార్పొరేషన్‌కి మార్టగేజ్ చేయాలి. ప్లాన్ తప్పకుండా కడతారన్నదానికి అది హామీ. ఓసీ వచ్చాకే విడుదలవుతుంది. ఏ భాగం మార్టగేజ్ పెడుతున్నారో ఆలోచించి పెట్టండి. రోడ్డు వైపు ఉన్న మంచి షాపు అందులో పెట్టి, తర్వాత దాని మీదే అద్దెదారు దగ్గర అడ్వాన్స్ తీసుకుని ఇరుక్కున్నవాళ్లున్నారు.

ఆరో పని: కట్టేటప్పుడు

పర్మిషన్ చేతికొచ్చాక తప్పులు జరిగేది ఇక్కడ, అదీ అంగుళాల్లో. పునాది తవ్వకముందే నాలుగు మూలలా సెట్‌బ్యాక్ టేపుతో కొలిచి, ఇంజినీర్ ఎదురుగా సున్నం గీయించండి. ప్లింత్, అంటే గ్రౌండ్ ఫ్లోర్ నేల మట్టం, దగ్గర మళ్లీ కొలవండి. కాలమ్స్ సరిగ్గానే వచ్చినా, ఆఖర్లో ముందు భాగానికి గ్లాసు, అల్యూమినియం ప్యానెళ్లు బిగించినప్పుడు ఇనుప ఫ్రేమ్‌తో కలిపి ఆరేడు అంగుళాలు బయటికొస్తుంది. ఆ అంగుళాలు సెట్‌బ్యాక్‌లోంచే పోతాయి. ప్యానెల్ మందం ముందే అడిగి, గోడని ఆ మేరకు లోపలికి జరిపి గీయించుకుంటే ఈ చిక్కు రాదు.

సెల్లార్ తవ్వకం అన్నిటికంటే ప్రమాదకరమైన దశ. వానాకాలంలో తవ్వొద్దు. పక్క బిల్డింగ్ పునాది పక్కనే నిలువునా మట్టి తీస్తే అది కూలి కూలీల మీద పడుతుంది, ఇలా పోయిన ప్రాణాలు మన నగరంలో తక్కువేం కాదు. రిటైనింగ్ వాల్ డిజైన్ స్ట్రక్చరల్ ఇంజినీర్ చేతే చేయించండి.

మధ్యలో మార్పు కావాలనిపిస్తే కట్టేసి తర్వాత చూసుకుందామని అనుకోకండి. ముందు రివైజ్డ్ ప్లాన్ పెట్టండి. పైన ఇంకో ఫ్లోర్ "ఎవరూ చూడరు" అని ఎవరు చెప్పినా వినొద్దు. చెప్పినవాళ్లు నోటీసు వచ్చిన రోజు ఫోన్ ఎత్తరు.

ఏడో పని: ఓసీ

ఆర్కిటెక్ట్, స్ట్రక్చరల్ ఇంజినీర్, బిల్డర్ సంతకాలతో కంప్లీషన్ నోటీసు, కట్టినట్టుగా గీసిన డ్రాయింగ్, ఫొటోలు, ఫైర్ ఆక్యుపెన్సీ ఎన్‌వోసీ పెడితే 15 రోజుల్లో జవాబు రావాలి. తనిఖీకి వచ్చేవాళ్లు చూసేవి: నాలుగు వైపులా సెట్‌బ్యాక్, ఎత్తు, ఫ్లోర్ల సంఖ్య, సెల్లార్ ఖాళీగా ఉండి పార్కింగ్ గీతలు ఉన్నాయా, ఇంకుడు గుంత ఉందా, మొక్కలు నాటారా. సెల్లార్‌లో మిగిలిపోయిన సిమెంటు బస్తాలు, వాచ్‌మన్ గది, అద్దె కోసం కట్టిన గోడ ఉంటే అక్కడే ఆగిపోతుంది.

నాన్ హైరైజ్‌లో సెట్‌బ్యాక్ తేడా 10 శాతం లోపు ఉంటే జరిమానాతో సర్దే వీలుంది. రోడ్డు వైపు బిల్డింగ్ లైన్‌కి ఈ సడలింపు లేదు. అదనపు ఫ్లోర్‌కి అసలే లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో అయితే

అక్కడ 2017 బిల్డింగ్ రూల్స్ నడుస్తాయి, వాటికీ సవరణలు వస్తూనే ఉన్నాయి. అప్లికేషన్ ఏపీడీపీఎంఎస్ పోర్టల్‌లో పెట్టాలి. లైసెన్స్ ఉన్న టెక్నికల్ పర్సన్, అంటే ఎల్‌టీపీ, స్వయంగా ధ్రువీకరించే పద్ధతికి ఇటీవల ప్రాధాన్యం పెరిగింది. పని తొందరగా అవుతుంది, నిజమే. కాకపోతే తప్పు జరిగితే ఆఫీసువాళ్లు చూశారు కదా అని తప్పించుకునే వీలు ఓనర్‌కి ఉండదు. ఫైర్ హద్దు మాత్రం రెండు రాష్ట్రాల్లోనూ ఒకే 1999 చట్టం నుంచి వచ్చింది. అమరావతి పరిధిలో కడితే సీఆర్‌డీఏ దగ్గరికి వెళ్లాలి.

ఓసీ వచ్చాక అద్దె అగ్రిమెంట్‌లో

ఫైర్ ఎన్‌వోసీకి గడువుంటుంది, ఆ తేదీ క్యాలెండర్‌లో రాసుకుని రెన్యువల్ చేయిస్తూ ఉండండి. అద్దె అగ్రిమెంట్‌లో ఈ మాటలు తప్పకుండా చేర్పించండి: సెల్లార్‌లో సరుకు పెట్టకూడదు, బ్యాటరీలు ఛార్జింగ్ పెట్టకూడదు, మెట్ల దారికి తాళం వేయకూడదు, బోర్డుల కోసం కిటికీలు మూసేయకూడదు, ప్లాన్‌లో చూపిన వాడకం మార్చాలంటే ఓనర్ రాతపూర్వక ఒప్పుకోలుతో పాటు కార్పొరేషన్ అనుమతి కూడా ఉండాలి. మాట తప్పితే ఎన్ని రోజుల నోటీసుతో ఖాళీ చేయించొచ్చో అందులోనే రాయించండి. ఆరు నెలలకోసారి మీరే వెళ్లి సెల్లార్ దిగి, టెర్రస్ తలుపు వరకు మెట్లన్నీ ఎక్కి చూసిరండి.